ఓవెన్ గ్లిన్ జోన్స్

ఓవెన్ గ్లిన్ జోన్స్ (నవంబరు 2, 1867 - ఆగష్టు 28, 1899) బ్రిటనుకు చెందిన ప్రసిద్ధ శిలారోహకుడు, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, రచయిత. ఇంగ్లండు వాయవ్య భాగాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ కొండలలోని ఆరోహణ మార్గాలను కష్టాన్ని బట్టి నాలుగు తరగతులుగా విభజించి 1897లో పుస్తకంగా ప్రకటించాడు. కొత్తగా కొండరాళ్ళు ఎక్కడం నేర్చుకునేవారు ఏ మార్గంతో మొదలుపెట్టాలి అన్న ప్రశ్నకు అచ్చులో లభించిన తొలి సమాధానాలలో ఇది ముఖ్యమైనది. 31 సంవత్సరాల వయసులోనే ఆల్ప్స్ పర్వతాలలో ప్రమాదవశాత్తు మరణించాడు.

బాల్యం, విద్య, ఉద్యోగం

జోన్స్ లండను నగరంలో వేల్సు సంతతికి చెందిన సామాన్య కుటుంబంలో జన్మించాడు. తండ్రి వడ్రంగం, ఇళ్ళ నిర్మాణం పని చేసేవాడు. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయి, బంధువుల ఇంట పెరిగాడు. ఉపకార వేతనాలతో చదువు సాగించి, లండను విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాన ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. అటుపిమ్మట సిటీ ఆఫ్ లండన్ పాఠశాలలో భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడిగా చేరాడు.

ఈయన ఆరోహణ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఉద్యోగం చాలా ముఖ్యం. ఉపాధ్యాయునికి తీరిక దొరికేది బడి సెలవులలోనే. వేసవిలో ఆల్ప్స్ పర్వతాలకు వెళ్ళినా, స్వదేశంలోని కొండలకు ఎక్కువగా క్రిస్టమస్, ఈస్టరు సెలవులలోనే వెళ్ళేవాడు. అది ఉత్తర ఇంగ్లండులో మంచు, వాన, చలిగాలి ఉండే కాలం. మంచి వాతావరణం వచ్చేదాకా వేచి ఉండే అవకాశం ఈయనకు లేదు.

శిలారోహణలో ప్రవేశం

1888లో వేల్సులోని కాడెర్ ఇద్రిస్ పర్వతం మీద ఒక నిట్టనిలువు శిలాశిఖను ఒంటరిగా ఎక్కడంతో ఈయన ఆరోహణ జీవితం మొదలయింది. 1891లో లండనులోని స్ట్రాండ్ వీధిలో ఒక దుకాణం కిటికీలో నేప్స్ నీడిల్ అనే సూదిరాయి ఛాయాచిత్రం చూశాడు. గ్రేట్ గేబుల్ పర్వతం పక్కన సూదిలా నిలిచిన ఈ రాతిని 1886లో హాస్కెట్ స్మిత్ మొదటిసారి ఒంటరిగా ఎక్కాడు. బ్రిటనులో శిలారోహణ ఒక క్రీడగా ఆ ఏడు ఆరంభమయిందని చెప్పడం పరిపాటి. చిత్రం చూసిన కొద్ది రోజులకే జోన్స్ అక్కడికి వెళ్ళి ఆ సూదిరాతిని ఎక్కాడు.

తరువాత కెస్విక్ పట్టణానికి చెందిన ఛాయాగ్రాహకులు జార్జ్ ఏబ్రహాం, ఆష్లీ ఏబ్రహాం సోదరులతో స్నేహం ఏర్పడింది. బరువైన కెమెరాలు, గాజు పలకలు మోసుకుంటూ వారు కొండల మీద తీసిన చిత్రాలు జోన్స్ పేరును ప్రజలలోకి తీసుకువెళ్ళాయి. తన పేరులోని ఓ.జి. అక్షరాలకు అసలు సిసలు జోన్స్ అనే అర్థం కల్పించుకుని నవ్వించే చమత్కారి ఈయన. వేళ్ళ బలానికి, సాహసానికి పేరుపొందాడు.

నాటి ఆరోహణ పద్ధతి

జోన్స్ చేసిన పని విలువ తెలియాలంటే నాటి పద్ధతి కొంత తెలియాలి. తెలుగునాట శిలారోహణ అనగానే భువనగిరి కోట గుట్ట గుర్తుకు వస్తుంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలుత శిక్షణ పొందినది అక్కడే. సాధారణంగా ఇటువంటి శిక్షణలో తాడును పైన ముందే కట్టి ఉంచుతారు కనుక, చేయి జారినా విద్యార్థి తాడుకు వేలాడి ఆగిపోతాడు. సంప్రదాయ పద్ధతి (నేటి ఆరోహకుల వాడుకలో ట్రాడ్) అలా కాదు. ముందు ఎక్కే వ్యక్తి తాడును తన వెంట కింది నుంచి తీసుకుపోతాడు. నేడైతే దారిలో కనిపించే రాతి పగుళ్ళలో లోహపు బిళ్ళలు ఇరికించి, వాటికి తాడు తగిలిస్తూ వెళతాడు. వెనుక వచ్చే వ్యక్తి వాటిని ఊడదీసుకుని వస్తాడు. రాతికి మేకులు మిగలవు.

జోన్స్ కాలంలో ఆ బిళ్ళలు కూడా లేవు. అడుగున మేకులు కొట్టిన తోలు బూట్లు, నడుముకు కట్టిన నారతాడు మాత్రమే ఉండేవి. ముందు వెళ్ళేవాడు తన జతగాడికి 10 మీటర్ల పైన ఉండగా జారితే, తాడు బిగిసేలోగా 20 మీటర్లు కిందికి పడతాడు. ఆ ఊపుకు నారతాడు తెగిపోవడమో, జతగాడు కూడా ఊడిపోవడమో జరిగేది. అందుచేత ముందువాడు పడకూడదు అన్నదే ఏకైక నియమం. ఎక్కబోయే దారి తన శక్తికి తగినదా కాదా అని ముందే తెలుసుకోవడమే అతనికి ఉన్న రక్షణ.

నాలుగు తరగతుల వర్గీకరణ

అప్పటికి కొత్తవారికి దారి చూపే పుస్తకాలు దాదాపు లేవు. హాస్కెట్ స్మిత్ 1894లో వెలువరించిన చిన్న పుస్తకంలో ప్రదేశాలు అక్షరక్రమంలో ఉన్నాయి. అది నిఘంటువు వంటిది. ఏది సులభమో, ఏది ప్రాణాంతకమో పోల్చి చూసుకోవడానికి వీలు లేదు. ఆ వివరాలు వాస్‌డేల్ హెడ్ గ్రామంలోని సత్రంలో సాయంకాలం పూట కూడే అనుభవజ్ఞుల మాటలలోనే దొరికేవి. వారి పరిచయం లేనివారికి అవి అందేవి కావు.

జోన్స్ తన పుస్తకం రాక్ క్లైంబింగ్ ఇన్ ది ఇంగ్లిష్ లేక్ డిస్ట్రిక్ట్ (1897)లో మార్గాలను సులభం, మధ్యమం, కష్టం, అసాధారణ కఠినం అని నాలుగుగా విభజించాడు. తరగతి గదిలో పాఠాలను సులభం నుంచి కఠినానికి అమర్చే ఉపాధ్యాయుని అలవాటు ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే రాయి పొడిగా ఉన్నప్పటి తరగతి, తడిగా ఉన్నప్పుడు చెల్లదు. నాటి ఆరోహకులు ఎక్కువగా ఇష్టపడిన కొండ గండ్లు వసంతం వచ్చినా నీరు కారుతూ, అడుగున మంచుతో ఉండేవి. ఎండ తగిలే దక్షిణ ముఖపు శిఖలు, బోర రాళ్ళు మాత్రం త్వరగా ఆరతాయి. గ్రేట్ గేబుల్ దక్షిణ భాగంలోని నేప్స్ శిఖలు ఇందుకు మంచి ఉదాహరణ. ఋతువు ఆరంభంలో కొత్తవారు పొట్టిగా, ఎండ ముఖంగా, దిగి రావడానికి సులువుగా ఉండే శిఖను ఎంచుకోవాలని నేటికీ చెబుతారు. గండ్లను విడిచి శిఖల మీదికి, బయలు రాళ్ళ మీదికి ఆరోహకుల దృష్టి మళ్ళినది జోన్స్ కాలంలోనే.

ముఖ్య ఆరోహణలు, విమర్శలు

1897 ఏప్రిల్‌లో గ్రేట్ గేబుల్ మీది కెర్న్ నాట్స్ క్రాక్ అనే పగులును ఎక్కి, దానిని తన నాలుగవ తరగతిలో చేర్చాడు. అంతకు ముందే పైనుంచి తాడు కట్టించుకుని అభ్యాసం చేశాడు. ఇది క్రీడాధర్మం కాదని కొందరు ఆక్షేపించారు. తెలియని కఠిన మార్గంలో గుడ్డిగా తలదూర్చడం కన్నా ఇదే వివేకమైన పని అని చెప్పవచ్చు. 1898 ఏప్రిల్‌లో స్కాఫెల్ పినాకిల్ ముఖాన్ని, 1899 జనవరిలో పిల్లర్ రాక్ మీది వాకర్స్ గల్లీని ఎక్కాడు. రెండవది మంచు నీటి ధారల మధ్య బూట్లు విప్పి చేసిన ఆరోహణ.

ఇటువంటి పుస్తకాలు అనుభవం లేనివారిని ప్రమాదంలోకి లాగుతాయన్న భయం పాతతరం వారిలో ఉండేది. 1903 సెప్టెంబరులో స్కాఫెల్ పినాకిల్ మీద ఒకే తాడుకు కట్టుకున్న నలుగురు పడి మరణించినప్పుడు ఆ భయం మరింత పెరిగింది. కాని వారు ప్రయత్నించినది సులభ మార్గం కాదు.

మరణం

1899 ఆగష్టు 28న స్విట్జర్లాండులోని డెంట్ బ్లాంష్ పర్వతం పశ్చిమ శిఖ మీద ముగ్గురు గైడులు, స్నేహితుడు హిల్‌తో కలిసి ఎక్కుతుండగా, ముందున్న గైడు ఎలియాస్ ఫురర్ పట్టు తప్పి కింద ఉన్నవారి మీద పడ్డాడు. జోన్స్, ముగ్గురు గైడులు లోయలో పడి మరణించారు. చివర ఉన్న హిల్‌కు ముందు తాడు తెగిపోవడంతో ఆయన ఒక్కడే మిగిలాడు. హిల్ ఒంటరిగా శిఖరం దాటి దిగి రెండు రోజుల తరువాత జెర్మాట్ చేరుకున్నాడు. జోన్స్‌ను ఎవోలెన్ గ్రామంలో సమాధి చేశారు.

తరువాతి పరిణామాలు

ఏబ్రహాం సోదరులు 1900లో ఈయన పుస్తకాన్ని మళ్ళీ ముద్రించారు. ఈయన మొదలుపెట్టిన ఉత్తర వేల్సు పుస్తకాన్ని తామే పూర్తిచేసి 1906లో ప్రకటించారు. బ్రిటనులో నేడు వాడుకలో ఉన్న మాటల తరగతులు ఈ వర్గీకరణ నుంచి పెరిగినవే. కఠినమైన మార్గాలు వచ్చిన కొద్దీ పైన కొత్త మెట్లు చేరుతూ పోయాయి కాబట్టి ఇప్పుడు ఒక వింత పరిస్థితి ఏర్పడింది. కష్టం అనే అర్థమున్న డిఫికల్ట్ తరగతి నేడు అట్టడుగు మెట్లలో ఒకటి. తొలిసారి ముందు ఎక్కేవారికి దానిని, దాని కింది మోడరేట్ తరగతిని సూచిస్తారు. జోన్స్ అసాధారణ కఠినం అన్న కెర్న్ నాట్స్ క్రాక్ ఇప్పటి పట్టికలో మధ్యస్థాయి మార్గం.