కోటు తొడిగిన తాత, కత్తెర పట్టిన హన్నా

హార్స్లీ కొండ కింద పల్లె మాది. నట్టింట్లో తాత ఫొటో ఉంది. ముఖం తాతదే గానీ కోటూ, టై ఆయనవి కావు. తాత జన్మలో కోటు తొడిగిన మనిషి కాదు. ఊరివాళ్ళతో తీయించుకున్న ఒకే ఒక్క ఫొటోలోంచి తల కత్తిరించి, మదనపల్లెలో ఒక స్టూడియోవాళ్ళు ఎవరి కోటుకో అతికించారు. మిత్రులతో కొండకు వెళ్ళిన రోజు వాళ్ళు మా ఇంటికి వస్తామంటే, అది చూసి నవ్వుతారని ఏదో సాకు చెప్పి తప్పించాను. ఆ సిగ్గు వదిలించింది హన్నా హోఖ్ అనే చిత్రకారిణి జీవితం.

హన్నా 1889లో జర్మనీలోని గోథాలో పుట్టింది. బెర్లిన్‌లో కళ చదివి, 1916 నుంచి పదేళ్ళు ఉల్‌స్టీన్ అనే పత్రికల కంపెనీలో కుట్టుపనికి నమూనాలు గీసింది. 1918లో మిత్రుడు రౌల్ హౌస్మన్‌తో బాల్టిక్ సముద్రతీరానికి వెళ్ళింది. అక్కడి ఇళ్ళ గోడలకు సైనికుడి అచ్చుబొమ్మలు. ముఖం ఉండవలసిన చోట ఆ ఇంటి మనిషి ఫొటో! అచ్చం మా తాత కోటు సంగతే. ఫొటోమాంటేజ్ అనే కొత్త కళకు అక్కడే బీజం పడిందని ఇద్దరూ తర్వాత చెప్పారు.

ఇక హన్నా కత్తెర పట్టింది. అధ్యక్షుడు ఎబర్ట్, మంత్రి నోస్కే ఈతచెడ్డీలతో ఉన్న పత్రికఫొటోను కత్తిరించి, కుట్టుపని నమూనా మీద అతికించింది. యుద్ధాన్నీ, పెద్దమనుషుల కళనూ వెక్కిరించిన డాడా కళాకారులు 1920లో బెర్లిన్‌లో ప్రదర్శన పెట్టారు. అంతటి విప్లవకారుల్లోనూ కొందరికి ఆడమనిషిని చేర్చుకోవడం గిట్టలేదు. హౌస్మన్ పట్టుబడితే గానీ చోటివ్వలేదు.

నాజీలకు ఈ కళ కంటగింపు. 1939లో ఆమె బెర్లిన్ పొలిమేరన హైలిగెన్‌జేలో చిన్న ఇంటికి మారింది. తోట పెంచుకుంటూ, కూరగాయలు పండించుకుంటూ, తన బొమ్మలతోబాటు మిత్రులవీ దాచింది. బయటపడితే ముప్పే. సేద్యం చేసే ఇంట పుట్టినవాణ్ణి గనుక, ఆ తోట నాకు బాగా అర్థమవుతుంది. 1978 మే 31న కన్నుమూసేదాకా ఆమె ఆ ఇంట్లోనే ఉంది.

హన్నా కత్తెర గొప్పవాళ్ళ దర్పాన్ని కోసేసింది. మా స్టూడియో కత్తెర ఒక రైతుకు కాస్త దర్పం అతికించింది. కోటు అబద్ధమే. అయినా అవ్వకు తాత ముఖం మిగిలింది ఆ కత్తెరవల్లనే గదా!

వచ్చే సెలవులకు మిత్రులను ఇంటికి పిలిచాను. ఆ ఫొటో కిందనే కూర్చుని సంగటి తింటాం.