సర్ జార్జి బేకరు

ఇంగ్లండు దేశమందలి డెవన్ సీమలో 1722వ సంవత్సరమున జార్జి బేకరు జన్మించెను. ఈటన్ పాఠశాలయందును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందును చదివి, వైద్యుడై, మూడవ జార్జి రాజునకు వైద్యము చేయు పదవి నందెను. అంతకంటె గొప్పదియగు ఆయన సేవను మేమిచట స్మరింపగోరుచున్నాము.

డెవన్ ప్రజలు ఆపిలుపండ్ల రసమును పులియబెట్టి సైడరు అను పానీయమును చేసికొని త్రాగెడివారు. వారిలో అనేకులకు భరింపరాని కడుపునొప్పి కలిగి చేతులు చచ్చుబడుచుండెను. పండ్ల పులుపే ఇందుకు కారణమని పేరుగల వైద్యులును తలచిరి. హెరిఫర్డు సీమవారును అదే పానీయమును త్రాగుచుండగా వారికీ రోగమేల అరుదని బేకరు యోచించెను. రెండు సీమల గానుగలను పోల్చి చూచెను. డెవన్‌లో రాతితొట్ల అతుకులకు సీసము వాడుచుండిరి. హెరిఫర్డులో ఆ వాడుక లేకుండెను. పానీయములను పరీక్షింపగా డెవన్ సైడరులో మాత్రమే సీసము బయటపడెను. 1767లో ఆయన దీనిని ప్రకటించెను.

స్వజనులు మెచ్చుకొనలేదు. సైడరు చేయువారే గాక, కొందరు మతబోధకులును ఆయనను జన్మభూమికి ద్రోహియని దూషించిరి. ఆయన తన మాటను విడువలేదు. క్రమముగా గానుగలనుండి సీసము తొలగింపబడగా రోగమును తగ్గిపోయెను. 1809లో బేకరు దివంగతుడాయెను.

తొట్టిలోని సీసము పులుపున కరిగి దేహమున ప్రవేశించినందుననే హాని కలిగెను. నేడు నేలలోని సీసమును శోధించువారును, అది ఎచటనుండి వచ్చెను, జీర్ణాశయపు ఆమ్లమున ఎంత కరుగును అని విచారింతురు. విద్యార్థులారా, ఊరివారి మేలుకోరి ఊరివారికి రుచింపని సత్యమును పలికిన ఈ వైద్యుని మరువకుడు.