అక్కను దాచిన ఇంట్లోంచి ఆటల పండుగ

చిక్కపేట (బెంగళూరు): పెళ్లిచూపులవాళ్లు వస్తున్నారంటే బుద్ధి ఎదగని పిల్లాణ్ని లోపలి గదిలో కూర్చోబెట్టే ఇళ్లు మనలో ఉన్నాయి. చిక్కపేట సందులైనా, సరిహద్దు అవతల పల్లె అయినా ఇదే తంతు. డబ్బు, చదువు లేక ఇలా చేస్తారనుకుంటే పొరపాటు. అమెరికాలో పేరుమోసిన కెనడీల ఇంట్లోనూ ఇదే జరిగింది. ఆ గుట్టు విప్పింది ఆ ఇంటి ఆడపిల్లే.

యూనిస్ కెనడీ 1921లో పుట్టారు. తొమ్మిది మంది సంతానంలో ఐదో బిడ్డ. తర్వాత దేశాధ్యక్షుడైన జాన్ కెనడీ ఆమెకు అన్న. అక్క రోజ్‌మేరీకి చదువు తలకెక్కేది కాదు. ఈతకైనా, పడవ షికారుకైనా యూనిస్ అక్కను వెంటబెట్టుకునే పోయేవారు. 1941లో తండ్రి, భార్యకైనా చెప్పకుండా, రోజ్‌మేరీ మెదడుకు ఆపరేషన్ చేయించాడు. అది వికటించింది. 23 ఏళ్ల పిల్లకు నడక, మాట రెండూ దెబ్బతిన్నాయి. ఆమెను దూరంగా ఒక సంరక్షణ కేంద్రంలో ఉంచి, ఏళ్ల తరబడి ఆ ఊసే ఎత్తలేదు.

1962లో, అన్న పదవిలో ఉండగానే, యూనిస్ అక్క సంగతి పత్రికలో రాసేశారు. (ఆపరేషన్ మాట మాత్రం అందులో లేదు. అంత ధైర్యం ఆమెకూ చాలినట్టు లేదు.) ఆ ఏడాదే మేరీల్యాండ్‌లోని తన ఇంటి ఆవరణలో ఇలాంటి పిల్లలకు వేసవి శిబిరం పెట్టారు. ఈత, బంతాట, గుర్రపు స్వారీ. పిల్లలతో పాటు ఆడటానికి హైస్కూలు, కాలేజీ కుర్రాళ్లను పిలిపించారు. వాళ్లు కాపలాదార్లు కారు, ఆటలో జోడీలు.

షికాగోలో ఆన్ బర్క్ అనే యువ వ్యాయామ టీచరు పోటీల ప్రతిపాదన తెస్తే యూనిస్ దాన్ని పెద్దది చేశారు. 1968 జూలై 20న సోల్జర్ ఫీల్డ్ మైదానంలో సుమారు వెయ్యి మంది దిగారు. అదే మొదటి స్పెషల్ ఒలింపిక్స్. అందులో సమాన సత్తా ఉన్నవాళ్లనే ఒక గుంపుగా కడతారు. నెమ్మదిగా పరిగెత్తేవాడికీ గెలిచే వీలుంటుంది. 1980ల చివర్లో, వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టుగా ఆడే యూనిఫైడ్ పోటీలు వచ్చాయి.

రోజ్‌మేరీ 2005లో, యూనిస్ 2009లో కన్నుమూశారు.

మన దగ్గర స్పెషల్ ఒలింపిక్స్ భారత్ 2001 నుంచి ఉంది. పారాలింపిక్స్ దారి వేరు, అక్కడ సెకన్ల లెక్కే. అక్కడా మన పిల్ల నెగ్గింది. మేధో వైకల్యం ఉందని ఊళ్లో మాటలు పడ్డ వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి, 2024 పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది.

స్పెషల్ ఒలింపిక్స్ పోటీల్లో దిగడానికి 8 ఏళ్లు నిండితే చాలు. పై వయసుకు హద్దు లేదు.