రెండు పేజీల పేపర్: కలరా విషాన్ని పట్టిన శంభునాథ్ దే

1978లో స్టాక్‌హోంలో కలరా, అతిసార వ్యాధులపై ఒక నోబెల్ సింపోజియం జరిగింది. దానికి కలకత్తా నుంచి శంభునాథ్ దేకు పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన కలకత్తా మెడికల్ కాలేజీలో రిటైరై ఐదేళ్లు. కలరా మీద పెద్ద పరిశోధన చేసి దాదాపు ఇరవై ఏళ్లు. మన దేశంలో ఏ సైన్స్ అకాడమీ ఆయనను ఫెలోగా తీసుకోలేదు. పేరున్న అవార్డు ఒక్కటీ ఇవ్వలేదు.

దే 1915లో హుగ్లీ జిల్లాలోని గరీబాటి అనే ఊళ్లో పుట్టారు. చిన్న వ్యాపారం చేసుకునే కుటుంబం. చిన్నాన్న సాయంతో, స్కాలర్‌షిప్పులతో చదువుకుని 1939లో కలకత్తా మెడికల్ కాలేజీ నుంచి ఎం.బి. పట్టా పొందారు. తర్వాత లండన్‌లో రాయ్ కామెరాన్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. అక్కడి పని మెదడు, నాడుల మీద. నాడీ కారణాలతో ఊపిరితిత్తుల్లో నీరు ఎలా చేరుతుందో చూపిన పేపర్ 1949లో వచ్చింది. శరీరంలో నీరు చేరకూడని చోట ఎందుకు చేరుతుందన్నదే అక్కడి ప్రశ్న. కలకత్తాకు తిరిగొచ్చాక అదే ప్రశ్నను ఆయన పేగులకు వేశారు.

కలరాకు (తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు గత్తర అనేవారు) కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1884లో ఇదే కలకత్తాలో పరిశీలించాడు. అది ఏదో విషాన్ని విడుదల చేస్తుండాలని ఊహించాడు కూడా. ఆ విషం కోసం తర్వాతి డెబ్బై ఏళ్లు వెతికినవాళ్లలో చాలామంది జంతువుల నరాల్లోకో, పొట్ట కుహరంలోకో ఇంజెక్షన్లు ఇచ్చారు. జబ్బు మాత్రం పేగు లోపల జరుగుతుంది.

దే చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండువైపులా దారంతో కట్టేశారు. ఆ సంచిలోకి కలరా కల్చర్‌ను ఎక్కించారు. మర్నాటికి అది నీటితో ఉబ్బిపోయింది. ఆ నీరు చూడటానికి కలరా రోగి విరేచనాల్లాగే, బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. పక్కనే కట్టిన, సూక్ష్మజీవులు లేని భాగం మామూలుగానే ఉండిపోయింది. చటర్జీతో కలిసి రాసిన ఆ పేపర్ 1953లో వచ్చింది. 1956లో ఇదే పద్ధతిని ఇ.కోలై మీద ప్రయోగించి, అతిసారం తెప్పించే రకాలు దానిలోనూ ఉన్నాయని చూపారు.

అసలు అడుగు 1959లో పడింది. ఈసారి కల్చర్‌ను వడగట్టి, సూక్ష్మజీవి ఒక్కటీ లేని ద్రవాన్ని మాత్రమే పేగులోకి ఎక్కించారు. మళ్లీ ఉబ్బింది. అంటే నీటిని బయటికి లాగుతున్నది సూక్ష్మజీవి వదిలిన విషం. ఆ ఏడాది మే 30న నేచర్ పత్రిక దీన్ని రెండు పేజీల్లో అచ్చువేసింది. రచయితగా దే పేరు ఒక్కటే ఉంది.

తర్వాత చాలాకాలం పెద్దగా చలనం లేదు. విషాన్ని శుద్ధి చేసే పని కలకత్తాలో ముందుకు సాగలేదు. దానిని 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టైన్, లోస్పలుట్టో పూర్తిచేశారు. పేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీని పెంచి నీటిని, లవణాలను బయటికి పంపించే దాని తీరు బయటపడ్డాక సైటేషన్ల వరద మొదలైంది. అయితే ఇలాంటి వరదలో మొదటి పేపర్ చాలాసార్లు మునిగిపోతుంది. కొత్తవాళ్లు దగ్గర్లో ఉన్న పేపర్‌నే ఉటంకిస్తారు, మూలం దాకా వెళ్లరు.

సైటేషన్ ఇండెక్స్‌ను తయారుచేసిన యూజీన్ గార్ఫీల్డ్ స్వయంగా 1986లో కలరా పరిశోధనల పటం గీసి, దే పేపర్‌కు మొదట్లో గుర్తింపు దక్కలేదని, తర్వాత అదే ఆ రంగాన్ని మలుపు తిప్పిందని రాశాడు. సైటేషన్ల లెక్కలతోనే ప్రొఫెసర్ల ప్రమోషన్లు తేలుతున్న మన యూనివర్సిటీలు ఈ ఒక్క పటాన్ని ముందు పెట్టుకుంటే బాగుండును. 1960లలో ఏ కమిటీ అయినా దే సైటేషన్లు లెక్కపెట్టి ఉంటే చేతికి వచ్చేది చాలా చిన్న సంఖ్యే.

ఈ కథ చివరికి మళ్లీ మెదడు దగ్గరికే చేరింది. ఈ విషంలోని బీ భాగం నాడీకణాల పొరకు గట్టిగా అతుక్కుంటుంది. నాడి కొసల దగ్గర ఎక్కిస్తే వెనక్కి కణం దాకా ప్రయాణిస్తుంది. అందుకే మెదడులో ఏ నాడి ఎక్కడి నుంచి వస్తోందో గుర్తించడానికి న్యూరోసైన్స్ ల్యాబుల్లో దాన్ని రంగు గుర్తులా వాడుతున్నారు. అలా వాడిన పేపర్లలో దే పేరు అరుదుగా కనిపిస్తుంది.

నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు ఒకటికంటే ఎక్కువసార్లు ప్రతిపాదించాడు. బహుమతి రాలేదు. దే 1985 ఏప్రిల్ 15న కన్నుమూశారు. గార్ఫీల్డ్ వ్యాసం వచ్చింది ఆ మరుసటి ఏడాది. బెంగళూరు నుంచి వచ్చే కరెంట్ సైన్స్ ఆయన మీద ప్రత్యేక సంచిక వేసింది 1990లో.