సమతామూర్తి గురుగోవింద్ సింగ్

మానవులందరూ సమానులేనన్న మాట మన దేశంలో ఎందరో మహనీయుల నోట వెలువడింది. ఆ మాటను ఆచరణలో పెట్టినవారు మాత్రం కొందరే. తాను విధించిన నియమానికి శిష్యుల సమక్షంలో తానే తల ఒగ్గిన గురువు మరీ అరుదు. అట్టి అరుదైన మహాపురుషుడు సిక్కుల పదవ గురువైన గురుగోవింద్ సింగ్. పంచనదుల సీమలో సమతాధర్మాన్ని సుప్రతిష్ఠితం చేసి, మన గోదావరీ తీరంలోనే తుదిశ్వాస విడిచిన ఆ పుణ్యజీవి చరిత్ర తెలుగువారికి సైతం స్మరణీయం.

ఆయన జీవితాన్ని అవగాహన చేసికొనాలంటే ముందుగా ఆయనకు సంక్రమించిన వారసత్వాన్ని తెలుసుకోవాలి. సిక్కు ధర్మానికి మూలపురుషుడైన గురునానక్ 1469లో తల్వండి గ్రామంలో జన్మించాడు. నేడు నన్కానా సాహిబ్‌గా ప్రసిద్ధమైన ఆ ఊరు పాకిస్థాన్‌లో ఉన్నది. భగవంతుడు ఒక్కడేననీ, ఆయన దృష్టిలో హెచ్చుతగ్గులు లేవనీ నానక్ బోధించాడు. పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పేరిట అన్ని కులాలవారిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిన వృత్తాంతం మనకు తెలిసినదే. సిక్కు గురువులు నెలకొల్పిన లంగర్ కూడా అట్టి ఉమ్మడి భోజనశాలయే. మూడవ గురువైన అమర్‌దాస్ తన దర్శనం కోరి వచ్చినవారు మొదట ఆ పంక్తిలో భుజించాలని నియమం పెట్టాడు. అక్బరు చక్రవర్తి సైతం సామాన్యుల సరసన నేలపై కూర్చుండి భుజించిన పిదపనే ఆయనను దర్శించాడని సిక్కు సంప్రదాయం చెబుతున్నది. అయిదవ గురువైన అర్జున్‌దేవ్ 1604లో పవిత్ర గ్రంథాన్ని సంకలనం చేసి, అందులో గురువుల వాణితో పాటు ఇతర మతాలకూ కులాలకూ చెందిన భక్తుల రచనలను చేర్చాడు. ఆయన 1606లో లాహోరులో జహంగీరు ఆజ్ఞ వలన చిత్రహింసలకు గురియై మరణించాడు. సమతకూ ఆత్మబలిదానానికీ నెలవైన ఈ పరంపరలో గోవింద్ సింగ్ ఉదయించాడు.

ఆయన 1666 డిసెంబరు 22న పాట్నా నగరంలో జన్మించాడు. తొమ్మిదవ గురువైన తేగ్ బహదూర్ తండ్రి; మాతా గుజ్రీ తల్లి. తల్లిదండ్రులు పెట్టిన పేరు గోవింద్ రాయ్. శైశవం గంగాతీరంలో గడచిన తరువాత కుటుంబం శివాలిక్ పర్వత పాదంలోని ఆనందపురానికి తరలివచ్చింది. అక్కడ ఆ బాలుడు గురుముఖి, పారశీకం, సంస్కృతం, వ్రజభాషలతో పాటు అస్త్రవిద్యను, అశ్వారోహణను అభ్యసించాడు.

ఆయనకు తొమ్మిదేండ్ల వయస్సులో జీవితాన్ని మలుపు త్రిప్పిన ఘటన జరిగింది. బలవంతపు మతమార్పిడికి వెరచిన కాశ్మీర పండితులు కొందరు ఆనందపురానికి వచ్చి తేగ్ బహదూర్‌ను శరణు వేడినారు. ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటున్నది. ఆ పండితులు యజ్ఞోపవీతధారులు. గురునానక్ బాల్యంలోనే యజ్ఞోపవీతాన్ని నిరాకరించాడని ప్రతీతి. తాను ధరింపని యజ్ఞోపవీతం కొరకు, తాను పాటింపని ఆచారం కొరకు తేగ్ బహదూర్ ప్రాణాలొడ్డడానికి సిద్ధపడినాడు. ఎవరి విశ్వాసం వారు నిర్భయంగా పాటించుకొనే హక్కు కొరకే ఆ త్యాగం. 1675 నవంబరులో ఔరంగజేబు ఆజ్ఞ మేరకు ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఆయన శిరస్సును ఖండించారు.

రాజభటుల కావలి నడుమ నుండి ఆ శిరస్సును సంగ్రహించి, వందల మైళ్ళు ప్రయాణించి ఆనందపురానికి చేర్చిన సాహసి భాయీ జైతా. సమాజం అంటరానివారిగా ఎంచిన కులంలో ఆయన పుట్టాడు. తండ్రి శిరస్సును మోసికొని వచ్చిన ఆ మనిషిని బాలగురువు గట్టిగా కౌగిలించుకొన్నాడు. ఏ చేతుల స్పర్శను లోకం మైల అన్నదో ఆ చేతులే గురువు శిరస్సును పవిత్రంగా కాపాడాయి. ఆయన కులంవారిని గురుపుత్రులుగా మన్నించి గోవింద్ రాయ్ అక్కున చేర్చుకొన్నాడు. సమానత్వాన్ని గూర్చి పెద్దలు చెప్పిన మాటలు ఆ కౌగిలిలో ఆ బాలునికి అనుభవమైనవి.

యౌవనంలో గోవింద్ రాయ్ కొంతకాలం యమునాతీరంలోని పాంవటాలో నివసించి సాహిత్యగోష్ఠులు నిర్వహించాడు. ఏబది ఇద్దరు కవులు ఆయన ఆస్థానాన్ని అలంకరించారని ప్రసిద్ధి. బ్రాహ్మణేతరులకు సంస్కృతం బోధింపజాలనని ఒక పండితుడు నిరాకరించగా, గురువు అయిదుగురు శిష్యులను కాషాయవస్త్రాలతో కాశీకి పంపి విద్య నేర్పించాడని నిర్మల సంప్రదాయంవారు చెబుతారు. విద్య ఏ ఒక్క కులం సొత్తు కాదని నిరూపించడమే ఆయన ఆశయం.

1688లో భంగానీ వద్ద పర్వతప్రాంత రాజులు ఆయనపై దండెత్తారు. వారు హిందువులు. గురువుకు అండగా నిలిచినవాడు సఢౌరాకు చెందిన ముస్లిం సాధువు పీర్ బుద్ధూషా. ఆయన తన కుమారులతో, శిష్యులతో రణరంగానికి వచ్చి, ఆ పోరులో ఇద్దరు కుమారులను కోల్పోయాడు. ఈ ఒక్క సంఘటనను తలచినా గురువు చేసిన యుద్ధాలు మతాల నడుమ జరిగినవి కావని స్పష్టమవుతుంది.

1699వ సంవత్సరపు వైశాఖీ పర్వదినం సిక్కుల చరిత్రలో మహోజ్జ్వలమైనది. ఆనందపురంలో వేలాది జనం గుమికూడిన వేళ, గురువు దూసిన ఖడ్గంతో నిలిచి ధర్మం కొరకు తల అర్పించగలవారు ఎవరని ప్రశ్నించాడు. సభ నిశ్చేష్టమైంది. కొంతసేపటికి ఒకడు లేచాడు. గురువు అతనిని గుడారంలోనికి తోడ్కొనిపోయి, రక్తసిక్తమైన ఖడ్గంతో వెలుపలికి వచ్చి మరొక శిరస్సును కోరాడు. ఇట్లు ఒకరి వెంట ఒకరుగా అయిదుగురు ముందుకు వచ్చారు. చివరకు ఆ అయిదుగురినీ నూతన వస్త్రాలతో సజీవులుగా సభ ముందు నిలిపి, వారిని పంచప్యారేలుగా, అనగా ప్రియమైన అయిదుగురుగా ప్రకటించాడు.

ఆ అయిదుగురు ఎవరు? లాహోరుకు చెందిన దయారామ్ ఖత్రీ. హస్తినాపురానికి చెందిన ధరమ్‌దాస్ జాట్ రైతు. పూరీ జగన్నాథం నుండి వచ్చిన హిమ్మత్ రాయ్ నీళ్ళు మోసే కులంవాడు. ద్వారకకు చెందిన మొహకమ్ చంద్ బట్టలకు అద్దకం వేసేవాడు. తెలుగునేలకు పొరుగున ఉన్న బీదరు నుండి వెళ్ళిన సాహిబ్ చంద్ మంగలి. దేశం నలుమూలల నుండి, వేర్వేరు కులాల నుండి వచ్చిన వీరు ఖాల్సాకు పునాదిరాళ్ళయ్యారు. గురువు ఇనుప పాత్రలో నీరు పోసి, బతాసాలు కలిపి, రెండంచుల ఖడ్గంతో త్రిప్పి ఆ అమృతాన్ని వారికి ఇచ్చాడు. అయిదుగురూ ఒక్క పాత్రలోనే త్రాగారు. తాకిన నీరే మైలపడుతుందని భావించిన ఆ కాలంలో అది సామాన్యమైన చర్య కాదు.

తదుపరి జరిగినది అంతకంటె అపూర్వం. గురువు ఆ అయిదుగురి ఎదుట చేతులు జోడించి నిలబడి, తనకూ అమృతం ఇచ్చి దీక్షితుణ్ణి చేయుమని అర్థించాడు. శిష్యులు దిగ్భ్రాంతి చెందారు. పిదప ఆయన కోరిక మన్నించారు. గోవింద్ రాయ్ ఆనాటి నుండి గోవింద్ సింగ్ అయ్యాడు. రైతు, నీళ్ళు మోసేవాడు, మంగలి ఇచ్చిన దీక్షను గురువే స్వీకరించిన పిమ్మట ఆ పంథాలో పుట్టుకను బట్టి గొప్పదనం చెప్పుకొనే అధికారం ఎవరికి మిగులుతుంది? దీక్ష పొందిన పురుషులందరికీ సింగ్, స్త్రీలందరికీ కౌర్ అన్న ఉపనామాలు ఏర్పడి, కులాన్ని తెలిపే పేర్లకు చోటు లేకుండా పోయింది. కేశాలు, దువ్వెన, ఉక్కు కంకణం, కృపాణం, కచ్చా అన్న పంచచిహ్నాలు అందరికీ ఒక్కటే. గురువుకూ భక్తునికీ నడుమ దళారులుగా మారి కానుకలు దిగమ్రింగుతున్న మసందులను సైతం ఆయన తొలగించాడు.

ఈ సమత స్త్రీలకూ వర్తించింది. గురువును విడిచి వెళ్ళిన నలుబదిమంది యోధులను మాయీ భాగో అనే వీరవనిత మందలించి, తానే ఆయుధం ధరించి ముక్త్‌సర్ యుద్ధానికి నడిపించింది.

ఆనందపురం ముట్టడి సమయంలో జరిగిన ఒక ఉదంతం గురువు హృదయానికి అద్దం పడుతుంది. భాయీ కన్హయ్య అనే శిష్యుడు తోలుసంచిలో నీరు నింపుకొని రణరంగంలో క్షతగాత్రుల దాహం తీర్చేవాడు. శత్రుసైనికులకూ నీరు ఇస్తున్నాడని తోటివారు గురువుకు ఫిర్యాదు చేశారు. గురువు పిలిచి అడుగగా, తనకు ఆ ముఖాలలో మిత్రుడూ శత్రువూ కనిపించడం లేదనీ, అందరిలోనూ గురువే కనిపిస్తున్నాడనీ కన్హయ్య విన్నవించాడు. గురువు మందలింపలేదు, ఇకపై గాయాలకు మందు కూడా వేయుమని లేపనం ఇచ్చి పంపాడు. తన సేనను కూల్చవచ్చిన సైనికుని గాయానికి తన మందునే ఇప్పించడానికి ఎంతటి ఉదాత్త చిత్తం కావాలి!

ఆ ఉదాత్తత అగ్నిపరీక్షకు గురియైనది 1704–05 సంవత్సరాలలో. కోటను విడిచివెళ్ళినచో హాని చేయమని ప్రమాణాలు చేసి, గురువు బయలుదేరగానే శత్రువులు వెంటపడ్డారు. పొంగి పొరలుతున్న సర్సా వాగు వద్ద కుటుంబం చెల్లాచెదరైంది. పెద్ద కుమారులు అజిత్ సింగ్, జుఝార్ సింగ్ చమకౌర్ పోరులో వీరమరణం పొందారు. చిన్నవారైన జోరావర్ సింగ్, ఫతే సింగ్‌లను ఇంటి వంటవాడైన గంగూ అనే బ్రాహ్మణుడు పట్టియిచ్చాడు. సర్హింద్ పాలకుడు వజీర్ ఖాన్ ఆ పసివారిని గోడలో సజీవంగా పూడ్పించాడు. ఆ వార్త విని మాతా గుజ్రీ ప్రాణాలు విడిచింది. నిండు సభలో ఆ ఘాతుకాన్ని అధర్మమని ఖండించినవాడు మలేర్‌కోట్లా నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్. మాఛీవాడా అడవుల నుండి గురువును పల్లకిలో మోసి కాపాడినవారు పఠాను సోదరులైన నబీ ఖాన్, ఘనీ ఖాన్‌లు. ద్రోహులలో హిందువులున్నారు, ముస్లిములున్నారు. ఆప్తులలోనూ ఇరువురూ ఉన్నారు. నలుగురు కుమారులను కోల్పోయిన ఆ తండ్రి ఏ మతాన్నీ ద్వేషింపలేదు. నవాబు పలికిన ధర్మవాక్యాన్ని సిక్కులు మరువలేదు. 1947 నాటి దేశవిభజన మారణకాండలో పంజాబు అట్టుడికినప్పుడు మలేర్‌కోట్లా ప్రశాంతంగా నిలవడానికి ఆ కృతజ్ఞతయే కారణమని చెప్పుకొంటారు.

అనంతరం గురువు ఔరంగజేబుకు పారశీక భాషలో జఫర్‌నామా అనే పద్యలేఖ వ్రాశాడు. ప్రమాణభంగాన్ని, పాలకుని ధర్మచ్యుతిని అందులో నిలదీశాడే గాని ఇస్లాంను నిందింపలేదు. 1707లో ఔరంగజేబు మరణించగా, ఆయన కుమారుడు బహదూర్ షాతో గురువు సామరస్యం నెరపాడు. సోదరుడు కామ్‌బక్ష్‌ను అణచడానికి హైదరాబాదు దిశగా కదలిన ఆ చక్రవర్తి వెంట దక్షిణాపథానికి వచ్చి, 1708లో గోదావరీ తీరాన నాందేడులో ఆగాడు.

అక్కడ హంతకుని కత్తిపోటుకు గురియైన ఆయన తన అవసానకాలం సమీపించినదని గ్రహించి, ఇక మీదట పవిత్ర గ్రంథమే గురువని ప్రకటించాడు. 1708 అక్టోబరు 7న పరమపదించాడు. గురుగ్రంథ్ సాహిబ్‌లో నేతపనివాడైన కబీరు, చర్మకారుడైన రవిదాసు, మహారాష్ట్రకు చెందిన నామదేవుడు, సూఫీ సాధువైన షేక్ ఫరీదుల వాణి ఉన్నది. ఆ గ్రంథం ఎదుట మోకరిల్లే ప్రతి సిక్కూ, వాడు ఎంతటి కులీనుడైనా, చర్మకారుని వాక్కుకూ ముస్లిం సాధువు వాక్కుకూ శిరస్సు వంచుతున్నాడన్నమాట.

గురువు నిర్యాణస్థలంలో మహారాజా రంజిత్ సింగ్ 1832–37 మధ్య మందిరం నిర్మింపజేశాడు. ఒకప్పటి హైదరాబాదు సంస్థానంలో అంతర్భాగమైన నాందేడుకు నేటికీ తెలుగునేల నుండి భక్తులు వెళ్తుంటారు. అక్కడి లంగర్‌లో కుల మతాలు అడుగకుండానే అన్నం వడ్డిస్తారు.

అయితే మహనీయుల ఆశయాన్ని అనుయాయులు పూర్తిగా అందుకోవడం సులభం కాదు. 1920లో నిమ్నకులాల నుండి దీక్ష తీసికొన్నవారు అమృత్‌సర్ హర్‌మందిర్‌కు తెచ్చిన ప్రసాదాన్ని అర్చకులు నిరాకరించారు. వివాదం చెలరేగగా గ్రంథాన్ని తెరచి చూశారు. అందులో కనబడిన వాక్యం ఆ దీనులకే అనుకూలమైంది. ఆ ఘటన గురుద్వారాల సంస్కరణోద్యమానికి ఊపునిచ్చింది. నేటికీ పంజాబులోని కొన్ని పల్లెలలో కులాల వారీగా వేరు గురుద్వారాలు, వేరు శ్మశానాలు కానవస్తున్నాయి. ఇది గురువు బోధలోని లోపం కాదు. దానిని నిత్యం ఆచరింపవలసిన మనుష్యుల లోపం.

సమానత్వం అనేది ఒకనాడు సాధించి భద్రపరచుకొనే సంపద కాదు. ప్రతి తరమూ తన పంక్తిలో, తన వీధిలో, తన విద్యాలయంలో దానిని మరల నెలకొల్పవలసియున్నది. శిష్యుల ముందు చేతులు జోడించిన గురువును, శత్రువుకు నీరందించిన శిష్యుణ్ణి స్మరించి, ఆ బాటలో నడవడం యువతరం కర్తవ్యం.

ప్రశ్నలు

1. ఖాల్సా స్థాపన ద్వారా గురుగోవింద్ సింగ్ సమానత్వాన్ని ఆచరణలో ఎట్లు చూపాడో వివరించండి.
2. గురుగోవింద్ సింగ్ పోరాటం అన్యాయంపైనే గాని మతాలపై కాదని పాఠం ఆధారంగా నిరూపించండి.
3. భాయీ జైతా సాహసాన్ని తెలపండి.
4. భాయీ కన్హయ్య ఉదంతం వలన మీరు గ్రహించిన నీతి ఏమి?