తుపాకీ పేలకుండా తవాంగ్ చేరిన మేజర్ బాబ్ ఖాథింగ్

మన గూడేల్లో వీరుడు అనగానే కొమురం భీం గుర్తుకొస్తాడు. 1940లో జోడేఘాట్ కొండల్లోకి నిజాం సర్కారు తుపాకులతో వచ్చింది, ఆ కాల్పుల్లో భీం నేలకొరిగాడు. ఆదివాసీ కొండల్లోకి ప్రభుత్వం అడుగుపెట్టిన తీరు చాలాచోట్ల అలాగే ఉంది. అదే ప్రభుత్వ అధికారం ఒక ఆదివాసీ అధికారి చేతికి వస్తే ఎలా ఉంటుంది? మేజర్ రాలెంగ్నావ్ ఖాథింగ్ జీవితంలో దీనికి జవాబు దొరుకుతుంది.

ఆయన 1912 ఫిబ్రవరి 28న మణిపూర్‌లోని ఉఖ్రుల్‌లో పుట్టారు. తంగ్‌ఖుల్ నాగా తెగవారు. ఇంఫాల్‌లో హైస్కూలు చదువు, గువాహటి కాటన్ కాలేజీలో పట్టా. కొండజాతి పిల్లలకు బడి మొహం చూడటమే గగనమైన రోజులవి. చదువు ముగిశాక కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో సైన్యంలో చేరి, మణిపూర్ నుంచి కింగ్స్ కమిషన్ పొందిన తొలి అధికారి అయ్యారు.

ఇక్కడ మన ప్రాంతంతో ఒక ముడి ఉంది. ఆయన పనిచేసిన 19వ హైదరాబాద్ రెజిమెంట్‌కు మూలం నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ దళాలు. 1945లో అదే కుమావూన్ రెజిమెంట్ అయింది. రాలెంగ్నావ్ అనే పేరు పలకడం అమెరికన్ సైనికులకు కష్టమై ఆయనను బాబ్ అని పిలిచారని, ఆ పేరే నిలిచిపోయిందని చెబుతారు.

1944 మార్చిలో జపాన్ సేనలు ఉఖ్రుల్‌ను పట్టుకున్నాయి. అంటే యుద్ధం ఆయన సొంత ఊరికే వచ్చింది. ఖాథింగ్ అప్పటికి వి ఫోర్స్ అనే గూఢచారి, గెరిల్లా దళంలో ఉన్నారు. యూనిఫాం వదిలేసి, తంగ్‌ఖుల్ పద్ధతిలో జుట్టు కత్తిరించుకుని, నాగా శాలువా కప్పుకుని ఊరివాళ్ళలో ఒకరిగా తిరిగారు. శత్రువు కదలికలు తెలుసుకోవడానికి ఆయనకు సాయపడినవాళ్ళు సొంత మనుషులే. ఆ యుద్ధకాల సేవకు మిలిటరీ క్రాస్, ఎంబీఈ గౌరవాలు వచ్చాయి.

యుద్ధం ముగిశాక సైన్యం విడిచి, 1947లో మణిపూర్ తాత్కాలిక ప్రభుత్వంలో కొండ ప్రాంతాల మంత్రి అయ్యారు. 1949 అక్టోబరులో మణిపూర్ భారత్‌లో విలీనం కావడంతో ఆ ప్రభుత్వం పోయింది. తర్వాత అస్సాం రైఫిల్స్‌లో, ఆపైన సరిహద్దు పరిపాలనలో చేరారు.

ఆయన పేరు నిలబెట్టిన పని 1951లో జరిగింది. 1914 నాటి మెక్‌మహాన్ రేఖ ప్రకారం తవాంగ్ భారత్ వైపే ఉన్నా, అక్కడి మోన్‌పాల దగ్గర పన్నులు వసూలు చేస్తున్నది టిబెట్ అధికారులు. 1950 అక్టోబరులో చైనా సైన్యం టిబెట్‌లో అడుగుపెట్టాక ఇక ఆలస్యం చేయకూడదని అస్సాం గవర్నర్ జైరాందాస్ దౌలత్‌రామ్ ఖాథింగ్‌ను పంపారు. జనవరిలో సుమారు 200 మంది అస్సాం రైఫిల్స్ జవాన్లు, వందలమంది కూలీలతో ఆయన చార్‌దువార్ నుంచి బయలుదేరారు. నడి చలికాలంలో, 13,000 అడుగులు దాటిన సే లా కనుమ మీదుగా నడిచి ఫిబ్రవరిలో తవాంగ్ చేరారు.

తన బలం కనబడేలా జవాన్లను ఊళ్ళగుండా నడిపించారు గానీ ఎవరిమీదా గురిపెట్టలేదు. ఊరి పెద్దలతో, బౌద్ధ మఠం వారితో కూర్చుని మాట్లాడారు. ఇకమీదట టిబెట్ అధికారులకు పన్నులు కట్టనక్కర్లేదని మోన్‌పాలకు చెప్పారు. భుజాన ఉన్న భారం దింపుతామన్న మాట ఏ కొండవాసికైనా అర్థమవుతుంది. ఒక్క తూటా పేలకుండానే తవాంగ్‌లో భారత పరిపాలన మొదలైంది.

1957లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాగా కొండల్లో సాయుధ పోరు సాగుతున్న కాలంలో మొకోక్‌చుంగ్ డిప్యూటీ కమిషనర్‌గా పనిచేశారు. తనవాళ్ళకూ ప్రభుత్వానికీ నడుమ నిలబడే ఉద్యోగం అది, ఎవరికీ తేలిక కాదు. ఆ తర్వాత నాగాలాండ్ ప్రధాన కార్యదర్శి, 1970లలో బర్మాలో భారత రాయబారి అయ్యారు. ఆదివాసీల నుంచి రాయబారి అయిన తొలి వ్యక్తి ఆయనే. 1990 జనవరి 12న ఇంఫాల్‌లో కన్నుమూశారు.

ఆయన స్మారకం తవాంగ్‌లో వెలిసింది 2021లో, అంటే ఆ నడకకు సరిగ్గా 70 ఏళ్ళ తర్వాత. అన్నేళ్ళూ బడి పుస్తకాల్లో ఆయన పేరు కనబడటం అరుదు. దేశం ఆదివాసీకి ఏం ఇచ్చిందన్న లెక్కలు ప్రతి ఏటా వింటాం. ఆదివాసీ దేశానికి ఏం ఇచ్చాడో చెప్పాలంటే ఈ పేరు చెప్పాలి. రేపు ఉద్యోగంలో చేరి ఏ గూడేనికైనా అధికారిగా వెళ్ళబోయే మన పిల్లలకు మరీ ముఖ్యంగా చెప్పాలి. ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ముందు పెద్దల పక్కన కూర్చోవాలని ఆయన నడిచి చూపించారు.