గృహస్థుడైన సేనాని

అమెరికా సంయుక్త రాష్ట్రములకు పదునెనిమిదవ అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంటు 1822వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన ఒహాయో రాష్ట్రమున జన్మించెను. ఆయన తండ్రి తోళ్లు పదునుచేయించి అమ్ము వర్తకుడు. ఆ వృత్తి బాలునకు గిట్టలేదు. పదునేడవయేట తండ్రి అతనిని వెస్టుపాయింటు సైనిక విద్యాలయమునకు పంపెను. ప్రభుత్వ వ్యయముతో అచ్చట విద్య ముగించి, 1843లో గ్రాంటు సైన్యమున చేరెను. జూలియా డెంటు అను కన్యతో వివాహము నిశ్చయమైనను, మెక్సికో యుద్ధము అడ్డువచ్చుటచే అది 1848 వరకు జరుగలేదు. 1850లో వారికి ఫ్రెడరిక్ అను కుమారుడు కలిగెను.

1852లో గ్రాంటు దళమునకు పసిఫిక్ తీరమునకు పోవలసినదని ఆజ్ఞ వచ్చెను. జూలియా అప్పుడు నిండుచూలాలు. పనామా మార్గము అపాయకరమని ఎంచి, గ్రాంటు భార్యను, బిడ్డను విడిచి ఒంటరిగా బయలుదేరెను. ఆ మార్గమున కలరా సోకి, సైనికులును, వారి ఆలుబిడ్డలును నూరుమందికి పైగా మరణించిరి. గ్రాంటు రోగులకు రాత్రింబగళ్లు ఉపచారము చేసెను. తన వారిని వెంట తేకుండుట ఎంత మేలయ్యెనో ఆయన కన్నులార చూచెను.

పసిఫిక్ తీరమున బంగారు గనులు బయటపడుటచే ధరలు మిన్నంటియుండెను. సైనికోద్యోగి జీతముతో అచ్చట సంసారము సాగదు. కుటుంబమును పిలిపించుకొనవలెనని గ్రాంటు బంగాళాదుంపలు పండింపగా, నది పొంగి పైరును ముంచెను. ఇంటినుండి జాబు వచ్చుటకు నెలలు పట్టెడిది. ఒక జాబులో జూలియా, పసివాని చేతిని కాగితముపై నుంచి, చుట్టును గీత గీసి పంపెననియు, దానిని చూచి గ్రాంటు కన్నీరు పెట్టుకొనెననియు చెప్పుదురు. ఆ రెండవ కుమారుని ఆయన ఇంకను చూడనే లేదు.

1854 ఏప్రిల్‌లో గ్రాంటునకు కెప్టెన్ పదవి చేతికందెను. ఆయన ఆ పదవిని అంగీకరించుచు జాబు వ్రాసిన దినముననే తన ఉద్యోగమునకు రాజీనామాను కూడ వ్రాసెను. ఇల్లు చేరునప్పటికి రెండవవానికి రెండేండ్లు నిండినవి.

కుటుంబము దక్కెను గాని కలిమి దక్కలేదు. గ్రాంటు తన చేతులతో దుంగల ఇల్లు కట్టుకొని సేద్యము చేసెను. కట్టెలు కొట్టి సెయింట్ లూయీ నగర వీథులలో అమ్మెను. 1857లో క్రిస్మసు పండుగకు ముందు తన బంగారు గడియారమును 22 డాలర్లకు కుదువ పెట్టెను. 1860 నాటికి నలుగురు బిడ్డల తండ్రియై, గెలీనా పట్టణమున తన తండ్రి తోళ్ల అంగడిలో గుమాస్తాగా కుదిరెను.

1861లో, బానిసత్వమును విడువనొల్లని దక్షిణ రాష్ట్రములు వేరుపడగా అంతర్యుద్ధము పుట్టెను. ప్రభుత్వ వ్యయముతో చదివినవాడు ఆపత్కాలమున ప్రభుత్వమునకు సేవచేయుట విధియని గ్రాంటు భావించి మరల సైన్యమున చేరెను. అయినను ఈసారి ఆయన కుటుంబమును దూరముగా ఉంచలేదు. పోరు సడలినప్పుడెల్ల జూలియా బిడ్డలతో శిబిరమునకు వచ్చెడిది. సర్వసేనాధిపతియైన పిమ్మట కూడ గ్రాంటు గుడారములో కుమారులతో కుస్తీపట్టుచుండగా అధికారులు చూచిరట!

ఈ సామీప్యము అపాయము లేనిది కాదు. 1863లో విక్స్‌బర్గు ముట్టడికి పోవునపుడు, ఓడలో నిద్రించుచున్న ఫ్రెడరిక్‌ను తండ్రి అచ్చటనే విడిచిపోయెను. పండ్రెండేండ్ల ఆ బాలుడు మేలుకొని, కాలినడకన సైన్యము వెంటబడెను. కొలది దినములకే అతని కాలికి తుపాకిగుండు తగిలెను. అదృష్టవశమున కోలుకొనెను. బిడ్డలను దూరముగా ఉంచిన వియోగము, దగ్గరగా ఉంచిన భయము - గ్రాంటు రెంటిని అనుభవించెను.

1865 ఏప్రిల్ 9వ తేదీన దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. 14వ తేదీ రాత్రి నాటకశాలకు తనతో రమ్మని అధ్యక్షుడు లింకను ఆహ్వానింపగా, బిడ్డలను చూడబోవలెనని చెప్పి గ్రాంటు దంపతులు రైలెక్కిరి. ఆ రాత్రియే లింకను నాటకశాలలో కాల్పులకు గురియయ్యెను.

గ్రాంటు 1869 నుండి 1877 వరకు అధ్యక్షుడుగా నుండెను. 1884లో ఒక భాగస్వామి మోసమువలన ఆయన సర్వస్వమును కోల్పోయెను. ఆ యేడే గొంతులో పుట్టకురుపు బయటపడెను. తన వెనుక భార్య దిక్కులేనిది కారాదని ఆయన స్వీయచరిత్ర వ్రాయ పూనుకొనెను. మాట పెగలని దశలో కూడ కలము విడువలేదు. కాలికి గుండు తగిలిన నాటి ఫ్రెడరిక్ ఇప్పుడు తండ్రి వ్రాతలను సరిచూచి తోడ్పడెను. గ్రంథము ముగిసిన కొలది దినములకు, 1885 జులై 23వ తేదీన, గ్రాంటు కన్నుమూసెను. ఆ గ్రంథమువలన జూలియాకు నాలుగు లక్షల డాలర్లకు పైగా లభించెను. సేనానిగా కత్తితో దేశఋణము తీర్చిన ఆ మహనీయుడు, గృహస్థుగా కలముతో ఇంటి ఋణము తీర్చెను.